కొమ్ము విల్లు కట్టే వారి ఊళ్లలో

మంగళవారం, సియోల్

సియోల్ నగర పాలక భవనం నేలమాళిగలో, ఒకప్పుడు కొరియాను ఏలిన జోసన్ రాజ్యపు ఆయుధ కార్యాలయం పునాదులు ఉన్నాయి. కొత్త భవనం కట్టడానికి ముందు 2009లో జరిపిన తవ్వకాల్లో ఇవి బయటపడగా, రాతి వరుసలను కదిలించకుండా వాటి చుట్టూ నడకదారి వేసి, అక్కడే దొరికిన వస్తువులతో కలిపి ప్రదర్శనశాలగా నిలిపారు. 1563 అని సంవత్సరం తెలిపే చెక్కడం ఉన్న ఫిరంగి భాగం దగ్గర బడిపిల్లలు గుమిగూడి ఉన్నారు. నేను ఎక్కువసేపు ఆగింది తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టిన బాణపు ములుకుల దగ్గర.

గున్‌గీసి అనే ఆ కార్యాలయం రాజ్యానికి కావలసిన విల్లమ్ములను చేయించేది. జోసన్ రాజ్యం 1485లో అమలులోకి తెచ్చిన శాసన సంహితలో ఏ కార్యాలయానికి ఎంతమంది పనివారు ఉండాలో లెక్క రాసి ఉంది. దాని ప్రకారం గున్‌గీసిలో విల్లు చేసేవారు 90 మంది, బాణాలు చేసేవారు 150 మంది. రాజుగారి వస్త్రాలు, సొంత సామగ్రి చూసుకునే మరో కార్యాలయంలో విల్లు పనివారు 18 మంది, బాణాల పనివారు 21 మంది. విల్లుకూ బాణానికీ వేర్వేరు పనివారిని లెక్కగట్టిన ఈ విభజన నేటికీ మారలేదు. విల్లు చేసే వ్యక్తి గుంగ్‌జాంగ్, బాణం చేసే వ్యక్తి సిజాంగ్. ప్రభుత్వం 1971లో ఈ రెండు విద్యలనూ కలిపి గుంగ్‌సిజాంగ్ అనే పేరుతో, 47వ సంఖ్య కింద, జాతీయ అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఒకే పేరు కింద ఉన్నా విల్లు చేసే ఇంట్లో బాణాలు చేయరు, బాణాలు చేసే ఇంట్లో విల్లు కట్టరు.

ఇక్కడ చదువుకుంటున్న మా మేనకోడలు ఈ ప్రయాణానికి దుబాసీగా వచ్చింది. సంహితలోని అంకెలు విని, "ఇంతమంది పనిచేస్తే వాళ్ల పేర్లు ఎక్కడా లేవేం మామయ్యా?" అని అడిగింది. ఆ కాలపు లెక్కల్లో పనివాడంటే ఒక అంకె. పేర్లతో, వంశక్రమంతో విల్లు చేసేవారి చరిత్ర మనకు కనిపించడం మొదలయ్యేది రాజ్యం వారిని వదిలేసిన తరువాతే. 1894 సంస్కరణలలో సైనికాధికారుల ఎంపిక పరీక్ష రద్దయింది, దానితోపాటు సైన్యంలో విల్లుకు ఉన్న స్థానమూ పోయింది. కొలువు పోయిన పనివారికి ఆ తరువాత మిగిలిన కొనుగోలుదారు ఒక్కడే, సరదాకు విల్లు వేసే పౌరుడు. ఈ ప్రయాణమంతటా నేను చూసినది ఆ కొనుగోలుదారుకూ ఆ పనివారికీ మధ్య నూరేళ్లకు పైగా సాగుతున్న సంబంధాన్నే.

మధ్యాహ్నం ఇన్వాంగ్ కొండ పాదాన ఉన్న హ్వాంగ్‌హక్‌జాంగ్‌కు వెళ్లాము. విల్లు వేయడం ఆగిపోకూడదని గోజోంగ్ చక్రవర్తి 1899లో గ్యాంగ్‌హీ రాజప్రాసాదం ఆవరణలో కట్టించిన విలువిద్యా మండపం ఇది. జపాను పాలనలో ఆ ప్రాసాదాన్ని విడగొట్టి స్థలాన్ని ఇతర అవసరాలకు మళ్లించినప్పుడు, 1922లో, మండపాన్ని ఊడదీసి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. అంతకు ముందు ఇక్కడ మరో విలువిద్యా మండపం ఉండేది. దాని పేరు చెక్కిన బండ నేటికీ పక్కనే ఉంది. నిర్వాహకులు దీన్ని ప్రదర్శనశాలగా మార్చి తాళం వేయకపోవడం నాకు నచ్చింది, సభ్యులు రోజూ వచ్చి విల్లు వేస్తారు.

గురి 145 మీటర్ల దూరంలో, మధ్యలో పల్లాన్ని దాటి అవతలి గట్టు మీద ఉంది. 2 మీటర్ల వెడల్పు, 2.67 మీటర్ల ఎత్తు, కాస్త వెనక్కి వాలిన పలక అది. ఒలింపిక్ పోటీలలోలా వలయాలు, పాయింట్లు లేవు. పలకకు ఎక్కడ తగిలినా తగిలినట్టే, తగలకపోతే లేనట్టే. తగిలినప్పుడు దీపం వెలుగుతుంది. విలుకాడు ఒక వరుసలో అయిదు బాణాలు వేస్తాడు, ఒక్కో వంతుకు ఒకటి చొప్పున. మొదటి బాణం వేసే ముందు "విల్లు నేర్చుకుంటాను" అని వినయంగా అనడం, పక్కవారు "ఎక్కువ తగలాలి" అని జవాబివ్వడం ఆచారం. డెబ్బై దాటినట్టు కనిపించిన ఒక పెద్దాయన కూడా ఆ మాట అనే నిలబడ్డాడు. ఆయన చేతిలోనిది నల్లని గాజుపీచు (ఫైబర్‌గ్లాస్) విల్లు. వరుసలోని వారిలో ఒక్కరి దగ్గరే బర్రె కొమ్ముతో కట్టే సంప్రదాయ కొమ్ము విల్లు కనిపించింది.

బుధవారం, బుచాన్

సియోల్‌కు పడమట ఆనుకుని ఉన్న బుచాన్ నగరంలో, క్రీడా మైదానం ప్రాంగణంలో, 2004 నుంచి విల్లు మ్యూజియం నడుస్తోంది. మెట్రో దిగి నడిచిపోవచ్చు. చిన్న భవనమే గాని ఇక్కడ రెండు గంటలు చాలలేదు. కొమ్ము విల్లు ఏ ముక్క తరువాత ఏ ముక్క చేరి తయారవుతుందో వరుసగా చూపించిన అర ఒక్కటీ చాలు, మిగతా ఊళ్లలో ఏం చూడాలో తెలియడానికి.

గక్‌గుంగ్ అనే ఈ కొమ్ము విల్లులో కొయ్య ఉన్నా, బలమంతా కొయ్యది కాదు. నడుమ వెదురు బద్ద. దాని రెండు కొసలకు మల్బరీ కొయ్యతో చేసిన వంపు చివరలు. పట్టుకునే చోట ఓక్ ముక్క. విలుకాడి వైపు, లోపలి ముఖాన, నీటి బర్రె కొమ్ము నుంచి కోసిన పొడవాటి పట్టీ. గురి వైపు, వెలుపలి ముఖాన, ఎద్దు స్నాయువులను, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీలను, దంచి, దువ్వి, పీచుగా మార్చి పరిచిన పొరలు. ఆ పొరల మీద తేమ చేరకుండా భూర్జ చెట్టు బెరడు. వీటన్నిటినీ పట్టి ఉంచేది క్రోకర్ జాతి చేప గాలితిత్తి నుంచి కాచిన జిగురు. విల్లు లాగినప్పుడు లోపలి కొమ్ము నొక్కుకుంటుంది, వెలుపలి స్నాయువు సాగుతుంది. నొక్కుడుకు కొమ్ము, సాగుడుకు స్నాయువు కొయ్యకన్నా ఎన్నో రెట్లు ఓర్చుకుంటాయి కాబట్టే, నాలుగడుగుల పైచిలుకు పొడవున్న ఈ విల్లు బాణాన్ని 145 మీటర్ల దూరానికి చేర్చగలుగుతుంది. నారి విప్పితే విల్లు నిటారుగా కూడా నిలబడదు. లాగే దిశకు ఎదురుగా, రెండు కొసలు దాదాపు కలిసేంతగా ముడుచుకుపోతుంది.

ఈ చేప విషయం విన్నప్పుడు నాకు మన కోస్తా గుర్తుకు వచ్చింది. ఉప్పాడలోనో అంతర్వేదిలోనో కచిడి చేప వలలో పడితే మర్నాడు పత్రికలో వార్త. లక్షల ధర పలికేది దాని గాలితిత్తి కోసమే. కొరియా విల్లు పనివారు వాడే చేప కూడా అదే కుటుంబానికి చెందినది. ఇక కొమ్ము సంగతి మరీ విచిత్రం. కొరియాలో నీటి బర్రెలు లేవు. అక్కడి ఎద్దు కొమ్ము పొట్టిది, దానితో చేయాలంటే మూడు ముక్కలు అతికించాలి, అలాంటి విల్లును తక్కువ రకంగా చూసేవారు. అందువల్ల జోసన్ రాజ్యం తన ప్రధాన ఆయుధానికి కావలసిన ముఖ్యమైన సరుకును చైనా మీదుగా, జపాను మీదుగా తెప్పించుకోవలసి వచ్చేది. చైనాలోని మింగ్ దర్బారు కొమ్మును యుద్ధసామగ్రిగా లెక్కించి అమ్మకాన్ని కట్టడి చేసినప్పుడు, కొనుగోలు పరిమితి పెంచమని కొరియా రాయబారులు వేడుకోవలసి వచ్చింది. 1460ల తొలినాళ్లలో, సేజో రాజు కాలంలో, ర్యూక్యూ ద్వీపాల నుంచి రెండు నీటి బర్రెలు వస్తే వాటిని చలికి జాగ్రత్తగా సాకి, తరువాత రాజధానిలో ప్రాసాదపు తోటలో ఉంచి పెంచే ప్రయత్నం చేశారు. ఆ ప్రయత్నంతో కొమ్ముల కరువు తీరలేదు. నేటికీ కొమ్ము ఆగ్నేయాసియా నుంచే వస్తుంది. మన ముర్రా బర్రె కొమ్ము చెవి పక్కనే చుట్టుకుపోతుంది గనుక ఈ పనికి అక్కరకు రాదు, వెనక్కి నెలవంకలా సాగిన పొడవాటి కొమ్మే కావాలి.

ఈ మ్యూజియం బుచాన్‌లో ఉండడానికి కారణం కిమ్ జాంగ్-హ్వాన్ అనే గుంగ్‌జాంగ్. 1971లో ప్రభుత్వం మొదటిసారి విల్లు పనివారిని ఎంచినప్పుడు గుర్తింపు పొందినవారిలో ఆయన ఒకరు, యెచాన్ సంప్రదాయానికి చెందిన క్వాన్ యంగ్-నోక్ మరొకరు. కిమ్ జాంగ్-హ్వాన్ తరువాత ఇక్కడ ఆ పనిని నిలబెట్టిన కిమ్ బాక్-యంగ్ ఆయన కొడుకు కాదు, శిష్యుడు. పైగా ఆయన పుట్టింది దూరాన, యెచాన్‌లో. సొంత ఊళ్లో విల్లు పని గాలి పీల్చి పెరిగి, పెద్దయ్యాక బుచాన్‌కు వచ్చి, కిమ్ జాంగ్-హ్వాన్ దగ్గర పని చేసి, 1996లో తానూ జాతీయ గుర్తింపు పొంది, 2011లో కన్నుమూశారు. ఇప్పుడు ఆయన కుమారుడు ఆ విద్య కొనసాగిస్తున్నారు. అంటే బుచాన్ వరుస ఒక తరంలో గురువు నుంచి శిష్యుడికి, మరుసటి తరంలో తండ్రి నుంచి కొడుక్కి నడిచింది. ప్రదర్శన పలకలు ఈ రెంటినీ ఒకే గీతతో కలిపి చూపడం సరైన పనే. విద్య దారి అది, ఇంటిపేరు దారి వేరు.

ప్రభుత్వ గుర్తింపు పద్ధతిని కూడా ఇక్కడే చెప్పాలి. 1962 నాటి సాంస్కృతిక సంపద రక్షణ చట్టంతో మొదలైన ఈ పద్ధతిలో, వస్తువును కాకుండా ఆ విద్యను చేతిలో ఉంచుకున్న మనిషిని గుర్తిస్తారు. ఆ వ్యక్తిని బోయుజా అంటారు. నెలనెలా కొంత భృతి ఉంటుంది, బదులుగా శిష్యులకు నేర్పాలి, బహిరంగంగా చేసి చూపాలి. శిష్యుడు ఏళ్ల తరబడి నేర్చుకున్నాక పరీక్ష ద్వారా ఇసుజా అవుతాడు. పద్ధతి మంచిదే. అయితే భృతితో ఒక్క వ్యక్తి బతకగలడేమో గాని, అతని పనిశాలలో విల్లు వెనక విల్లు తయారు కావాలంటే కొనేవారు ఉండాలి.

గురువారం, పాజు

సియోల్‌లోని హాప్‌జాంగ్ దగ్గర బస్సు ఎక్కి నది వెంట ఉత్తరానికి వెళ్లాము. దారి పొడవునా నదికీ రోడ్డుకూ మధ్య ముళ్లకంచె, అవతలి ఒడ్డున కొంతదూరం పోయాక ఉత్తర కొరియా కొండలు. పాజులోని యంగ్‌జిప్ విల్లమ్ముల మ్యూజియం 2001లో సిజాంగ్ యు యంగ్-గీ స్థాపించినది, పేరు ఆయన కలం పేరే. ఆయన కుటుంబం జాంగ్దాన్ ప్రాంతానిది. బాణాలకు పేరుపడిన ఆ ప్రాంతం కొరియా యుద్ధం తరువాత సరిహద్దు రేఖకు అటూ ఇటూ చీలిపోయి, ఇటువైపు భాగంలోకి కూడా పౌరులు ఇష్టం వచ్చినట్టు వెళ్లలేని స్థితి వచ్చింది. ఊరు పోయినా పని పాజుకు తరలివచ్చింది. తండ్రి దగ్గర నేర్చుకున్న యు యంగ్-గీ 1996లో జాతీయ గుర్తింపు పొందారు, ఆయన కుమారుడు కూడా ఇదే పనిలో ఉన్నారు.

విల్లుకు వచ్చిన పేరు బాణానికి రాదు. అయినా ఈ మ్యూజియం చూశాక నాకు బాణం చేయడమే మరింత కష్టమేమో అనిపించింది. సన్నని వెదురును చలికాలంలో కోసి, ఆరబెట్టి, లావు, బరువు, కణుపుల స్థానం సరిపోయేవాటిని వేరు చేస్తారు. బొగ్గుల సెగ మీద కాల్చి వంకర తీస్తారు. కొసన నారికి పట్టే గాడిని వేరే గట్టి కొయ్యతో చేసి అమర్చుతారు, ఆ చోట పీచ్ చెట్టు బెరడు చుడతారు, ఫెజంట్ పక్షి ఈకలు మూడు అతికిస్తారు. విలుకాడు బాణాలు అడిగేటప్పుడు పొడవుతోపాటు బరువు కూడా చెబుతాడు. ఆ బరువును డాన్ అనే పాత తూకంలో లెక్కిస్తారు, ఒక డాన్ 3.75 గ్రాములు. ఏడు డాన్ల బాణాలు కావాలంటే, సెట్టులోని బాణాలన్నీ ఏడు డాన్లే తూగాలి, కణుపులన్నీ ఒకే వరుసలో ఉండాలి. పుట్టుకతోనే ఒకదానితో ఒకటి పోలని వెదురు నుంచి ఒకే రకం బాణాలను రాబట్టడమే సిజాంగ్ విద్య. మనుషులు రోజూ వాడి విరగ్గొట్టే వస్తువు కాబట్టి ఈ పనికి విరామం ఉండదు.

అరల్లో కూత బాణం, అగ్ని బాణం, వాటి పక్కన ప్యాంజాన్ ఉన్నాయి. మామూలు బాణంలో సగం కూడా లేని ఈ పొట్టి బాణాన్ని సగానికి చీల్చిన వెదురు గొట్టంలో ఉంచి, ఆ గొట్టాన్ని దారిగా చేసుకుని వదులుతారు. తేలికైనది కాబట్టి చాలా దూరం పోతుంది, శత్రువు తిరిగి వేద్దామన్నా గొట్టం లేకుండా అతని విల్లుకు పనికిరాదు. మా మేనకోడలు ఆ గొట్టాన్ని వేలికి కట్టే తాడును చూసి, అది జారితే ఏమవుతుందని అడిగింది. చేతికి తగులుతుందని నవ్వుతూ చెప్పారు అక్కడి ఉద్యోగిని.

శుక్రవారం, యెచాన్

తూర్పు సియోల్ బస్సు స్టాండు నుంచి రెండున్నర గంటలు. ఉత్తర గ్యాంగ్‌సాంగ్‌లోని ఈ చిన్న జిల్లా కేంద్రానికి కొరియాలో ఉన్న పేరంతా విల్లుదే. పట్టణానికి దగ్గరలోని వాంగ్‌సిన్ గ్రామంలో విల్లు చేసే ఇళ్లు తరతరాలుగా ఉండేవి. క్వాన్ ఇంటిపేరు గల వంశం వారిలో ముఖ్యమైనది. క్వాన్ యంగ్-నోక్ ఆ వరుసలోనివారే. సియోల్ నగరం గుర్తించిన గుంగ్‌జాంగ్ క్వాన్ ము-సోక్ కూడా యెచాన్ క్వాన్ వంశీయుడే, పన్నెండో తరం వారిగా ఆయనను చెబుతారు. నిన్న మొన్న చూసిన బుచాన్ వరుసకు కూడా యెచాన్‌లో పుట్టిన మనిషే వారసుడయ్యాడు. ఈ ఊరు పనివారిని ఎగుమతి చేసింది. కొరియాలో నేడు కొమ్ము విల్లు ఎక్కడ తయారైనా దాని వేళ్లు ఎంతో కొంత యెచాన్ వైపు పాకి ఉండడం యాదృచ్ఛికం కాదు.

ముందుగా ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్న పనిశాలకు మధ్యాహ్నం వెళ్లాము. పని చేసే ఆయన తన పేరు రాయవద్దని మొదటే కోరారు. మా మేనకోడలు ఆయనను సన్‌సెంగ్‌నిమ్ అని, అంటే గురువుగారూ అని, పిలుస్తూ మాట్లాడింది. రెండు గదుల ఇల్లు, నేల వెచ్చగా ఉంది. లోపలికి అడుగు పెట్టగానే చేపల వాసన కాదుగాని దానికి దగ్గరి వాసన.

పొయ్యి మీద జిగురు కాగుతోంది. మన పాతకాలపు వడ్రంగులు వజ్రం అనే జిగురు కాచినట్టే నీళ్లలో ఉంచిన గిన్నెలో గిన్నె, సన్నని సెగ. ఉడుకు పట్టిందంటే పట్టు పోతుందని ఆయన రెండుసార్లు మంట తగ్గించారు. ఎండిన గాలితిత్తులు పక్కన గోధుమరంగు అప్పడాల్లా పేర్చి ఉన్నాయి. వాటిని నానబెట్టి, కాచి, వడగట్టి, మళ్లీ కాస్తారు. విల్లు పని అక్టోబరు చివర మొదలై వసంతం దాకా సాగుతుంది. వేసవిలో గాలి తేమగా ఉంటే ఈ జిగురు ఆరదు, ఆరినా పట్టదు. మేము వెళ్లింది నవంబరు చివరి వారం కాబట్టి అదృష్టవశాత్తు స్నాయువు పరిచే రోజులు నడుస్తున్నాయి.

అప్పటికి వెదురు, మల్బరీ, కొమ్ము అతికించిన అరడజను విల్లులు గోడకు ఆనించి ఉన్నాయి. వెదురుకూ మల్బరీకీ మధ్య అతుకు చూపించారు. వెదురు చివరను చేపతోకలా చీల్చి, మల్బరీ కొయ్యను ఉలి ముక్కలా చెక్కి, ఒకదానిలో ఒకటి దూర్చి, జిగురుతో పట్టించినది. వేలి గోరు ఆనించి లాగినా అతుకు తెలియలేదు. కొమ్ము పట్టీ అతికించాక తాళ్లతో ఎంత బిగించి కడతారంటే, కట్టిన గుర్తులు కొమ్ము అంచున లేత గీతలుగా మిగిలి ఉన్నాయి. ఒక్కో కొమ్ము నుంచి మేలైన పట్టీ ఒక్కటే వస్తుంది, వంపుకు బయటి వైపునుంచి. విల్లుకు రెండు రెక్కలు కాబట్టి రెండు కొమ్ములు, ఆ రెండూ రంగులో, పోగులో, మందంలో జతపడాలి. జత కుదరక పక్కన పడిన కొమ్ములు సంచి నిండా ఉన్నాయి.

స్నాయువు దగ్గరకు వచ్చేసరికి ఆయన మాట్లాడడం మానేశారు. ఎండిన స్నాయువును సుత్తితో దంచి, ఇనుప దువ్వెనతో దువ్వి, చేతి వెంట్రుకల కన్నా సన్నని పోగులుగా విడదీసి ముందే ఉంచారు. గుప్పెడు పోగులు తీసుకుని వేడి జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య పిండి, పలకమీద చదునుగా పరిచి దువ్వారు. బూడిదరంగు పీచు ఒక్కసారిగా తేనెరంగు పట్టు రిబ్బనులా మారింది. దానిని ఎత్తి విల్లు వీపున పరిచి, మధ్య నుంచి చివరకు, చివర నుంచి మధ్యకు, కర్ర పలకతో ఒత్తుతూ పోయారు. పోగుల చివరలు ఒకే చోట ఆగకూడదు, ఆగితే అక్కడే విరుగుతుంది. ఒక రెక్క పూర్తయ్యేలోపే అంచున జిగురు బిగియడం మొదలైంది. వేడి నీళ్లలో వేళ్లు ముంచి అంచును మళ్లీ మెత్తబరచి, పక్క పోగుతో కలిపేశారు. ఇలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి వేయాలి, ప్రతి పొర తరువాతా రోజుల తరబడి ఆరనివ్వాలి. ఆయన కూర్చున్న భంగిమలో నడుము ఒక్కసారైనా కదలలేదు.

పక్క గదిలో చివరి దశ. పొరలన్నీ ఆరిన విల్లును మొదటిసారి వంచి నారి ఎక్కించడాన్ని హేగుంగ్ అంటారు. ఇది విఫలమైతే నెలల శ్రమ పోతుంది. రెక్క వంపును నిలబెట్టే వంకర కొయ్యలను రెండు వైపులా కట్టి, విద్యుత్ పొయ్యి సెగన కొమ్ము వైపు వేడి చేసి, మోకాలితో నెమ్మదిగా నొక్కి వంచారు. నారి పడ్డాక చివర నుంచి చూసి, ఒక రెక్క కాస్త పక్కకు ఒరిగిందని గమనించి, అదే చోట మళ్లీ సెగ చూపి, అరికాలితో అదిమి నిలిపి ఉంచారు. పక్కన నిలబడిన కుర్రవాడికి చెప్పింది ఏమీ లేదు, విల్లును అతని చేతికిచ్చి ఎక్కడ ఒరిగిందో చూపమన్నట్టు గడ్డం ఎగరేశారంతే. అతను వేలు పెట్టాడు. ఆయన తల ఊపి, వేలిని రెండంగుళాలు కిందికి జరిపారు. అతను ఆయన కొడుకు కాదు, పట్టణం నుంచి వస్తున్న శిష్యుడు. ఉద్యోగం మానుకుని వచ్చాడట.

మీ తండ్రిగారి దగ్గర నేర్చుకున్నారా అని మా మేనకోడలు అడిగింది. మేనమామ దగ్గర అని సమాధానం. ఆ మేనమామ నేర్చుకున్నది పొరుగింటి ఆయన దగ్గర. పుస్తకాలలో వంశవృక్షాలు నిట్టనిలువుగా గీస్తారు గాని, ఒకప్పుడు విల్లు పని ఊరంతటిదైన చోట నేర్పేవారు ఇంటి గోడకు ఇటూ అటూ ఉండేవారు. గుర్తింపు పత్రాల వ్యవస్థ వచ్చాక ఎవరి శిష్యుడు ఎవరో కాగితం మీద తేల్చవలసి వచ్చింది. ఆ విషయం మీద ఊళ్లో మాటామాటా రావడం సహజమేనని ఆయన నవ్వారు, అంతకు మించి చెప్పలేదు.

శనివారం, యెచాన్

ఉదయం జిన్హో అంతర్జాతీయ విలువిద్యా కేంద్రానికి వెళ్లాము. ఈ జిల్లాలో పుట్టిన కిమ్ జిన్-హో పేరు దీనికి పెట్టారు. 1979లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో అయిదు స్వర్ణాలు సాధించి, ఒలింపిక్ పద్ధతి విలువిద్యలో కొరియాకు తొలి ప్రపంచ విజేత అయిన క్రీడాకారిణి ఆమె. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2024 మే నెలలో ప్రపంచ కప్పు రెండో దశ పోటీకి వచ్చి, అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి మహిళల కాంపౌండ్ జట్టు స్వర్ణం గెలిచింది ఈ యెచాన్‌లోనే. ఆ పోటీలో టర్కీ మీద స్కోరు 232కు 226.

అయితే ఈ కేంద్రపు మైదానానికీ నిన్నటి పనిశాలకూ మధ్య సంబంధం అందరూ అనుకునేంత దగ్గరిది కాదని నా అభిప్రాయం. పోటీ విల్లులు లోహం, కార్బన్‌తో కర్మాగారాల్లో తయారయ్యేవి, దూరం 50 లేదా 70 మీటర్లు, పట్టు వేరు, నిలుపు వేరు. ఒలింపిక్ పతకాలకు కారణం పూర్వీకుల విల్లే అనే మాట పర్యాటక కరపత్రాల్లో బాగుంటుంది. కిమ్ జిన్-హో యెచాన్‌లో పుట్టడం మాత్రం ఊరికి మేలు చేసింది. విల్లుతో పుట్టిన పేరు విల్లుతోనే నిలబడింది, ఊరు తన పనివారిని మరిచిపోలేదు.

సంబంధం నిజంగా కనిపించింది మధ్యాహ్నం, పట్టణంలోని సంప్రదాయ విలుకాళ్ల మైదానంలో. నలభై అయిదేళ్ల ఒక బడిపంతులు నారి విప్పిన కొమ్ము విల్లును సంచి నుంచి తీసి, ఒడిలో పెట్టుకుని, సెగ చూపి వంచి నారి ఎక్కించడానికి పావుగంట తీసుకున్నాడు. గాజుపీచు విల్లువారు ఆ లోపల రెండు వరుసలు వేసేశారు. కొమ్ము విల్లును ఎప్పుడూ వెచ్చని పెట్టెలో ఉంచాలి, వానాకాలంలో అది మెత్తబడుతుంది, చలికాలంలో గట్టిపడుతుంది, రోజుకో రకంగా ప్రవర్తిస్తుంది. అయినా ఆయన దీనిని ఎందుకు కొన్నాడంటే, విలుకాళ్ల నైపుణ్యాన్ని కొలిచే దాన్ శ్రేణిలో అయిదో దాన్ స్థాయి పరీక్షకు, ఆ పైన స్థాయిలకు కొమ్ము విల్లు, వెదురు బాణాలతోనే వేయాలన్నది కొరియా విలువిద్యా సంఘం నియమం. నాలుగో దాన్ వరకు గాజుపీచు చాలు. పైకి వెళ్లాలనుకున్న ప్రతి విలుకాడూ ఒకనాటికి గుంగ్‌జాంగ్ గడప తొక్కక తప్పదు, సిజాంగ్ గడప కూడా. 2020లో ప్రభుత్వం విల్లు వేయడాన్ని కూడా జాతీయ అమూర్త వారసత్వంలో చేర్చింది. పనివారిని గుర్తించి 49 ఏళ్లు గడిచాక గాని వారి వస్తువును వాడేవారి వంతు రాలేదు. నన్నడిగితే, ఇంతకాలం పనిశాలల్లో పొయ్యి ఆరకుండా కాచినది అన్నిటికన్నా ఎక్కువగా ఆ అయిదో దాన్ నియమమే.

ఎవరి చేత చేయించుకున్నారని అడిగితే ఆ బడిపంతులు ఇద్దరు పనివారి పేర్లు చెప్పాడు. ఒకరి విల్లు లాగుడు మొదట్లో మెత్తగా ఉండి చివర గట్టిపడుతుంది, మరొకరిది మొదటి నుంచీ సమానంగా ఉంటుంది. చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి. కొమ్ము వైపు చెక్కిన అంచు వాలును వేలితో చూపి, ఇది చూస్తే చాలు ఎవరి చేతిదో తెలుస్తుందన్నాడు. పక్కనున్న విలుకాడు ఒప్పుకోలేదు, కొసల వంపు చూడాలన్నాడు. ఇద్దరూ వాదించుకుంటూ మూడో ఆయన విల్లు అందుకుని, అది ఎవరిదో చెప్పడానికి పూనుకున్నారు. ఒకరు యెచాన్ అన్నారు, ఒకరు బుచాన్ అన్నారు. దాని సొంతదారు బుచాన్‌దేనని చెప్పి, పనివాడి తాత మాత్రం ఇక్కడివాడేనని కలిపాడు. కొత్త విల్లు కావాలంటే ఇప్పుడు మాట ఇస్తే వచ్చే వసంతానికి గాని అందదట. బడిపంతులు ఈ చలికాలానికి మరొకటి చెప్పి ఉంచాడు.